తరుగుదల మీద ఓటు

మీలో కంపెనీ షేర్లు కొన్నవాళ్లకు ఏటా ఒక నివేదిక ఇంటికి వస్తుంది. మంచి కాగితం, రంగుల అట్ట. తెరవగానే చాలామంది లాభం ఎంత, తమ వాటాకు ఎంత వస్తుంది అని చూసి, పిల్లల పుస్తకాలకు అట్టలేసుకోవడానికి ఇచ్చేస్తారు. నేను మాత్రం ఇప్పటికీ ఆస్తుల పట్టీ దగ్గరికి వెళతాను. స్థలం, కట్టడాలు, యంత్రాలు. కొన్న ధర ఎంత, ఇప్పటిదాకా తీసేసిన తరుగుదల ఎంత, మిగిలిన విలువ ఎంత. రిటైరైన అకౌంటెంటుకు ఇదొక జబ్బు అని మా ఇంట్లో నవ్వుతారు. జబ్బే కావచ్చు. అది నాకు కోలారు జిల్లా చింతామణిలో పట్టుకుంది.

పందొమ్మిది వందల యాభైల నడుమ అక్కడొక వేరుశనగ నూనె మిల్లులో చేరాను. మాది చిక్కబళ్లాపురం. బెంగళూరులో కామర్సు చదువుకున్నాను కాబట్టి లెక్కలన్నీ నాకే తెలుసనే గర్వం కొంత ఉండేది. మిల్లును పెట్టినాయన చింతామణిలో తరతరాలుగా వ్యాపారం చేసుకుంటున్న తెలుగు కుటుంబం మనిషి. కాగితాల మీద మేనేజింగ్ డైరెక్టరు, నోటి మాటకు అందరికీ సావుకారు. సొంతంగా పెట్టుకునే స్తోమత ఉండి కూడా ఆయన దాన్ని లిమిటెడ్ కంపెనీ చేశాడు. కెంచార్లహళ్ళి నుంచి చాకవేలు దాకా ఊళ్లు తిరిగి, రూపాయలు లేని రైతుల దగ్గర కాయల మూటలు తీసుకొని, వాటి వెలకు షేర్లు ఇచ్చాడు. "కాయలు పండించేది వాళ్లు. నూనె లాభం ఒక్కడే తింటే జీర్ణమవుతాదా?" అనేవాడు. వ్యాపారస్థుడి నోట ఆ మాట విని మొదట్లో నేను నమ్మలేదు. తర్వాత నమ్మక తప్పలేదు.

షేర్‌హోల్డర్ల సభ ఏటా మిల్లు గోదాములో జరిగేది. గోనెసంచులు పరిచి కూర్చునేవాళ్లు. నివేదిక ఇంగ్లీషులో, నోటీసు కన్నడంలో, తగవు తెలుగులో. ఉప్పిట్టు, కాఫీ వచ్చేదాకా తగవు గట్టిగా సాగేది.

నేను తయారుచేసిన మొదటి లెక్కలు చదివిన రోజు గుర్తుంది. లాభంలోంచి యంత్రాల తరుగుదల తీసేశామని చెప్పగానే వెనక వరసలో ఒక రైతు లేచాడు.

"ఆగప్పా. మండీలో మూటకింత అని తరుగు తీస్తారు. మట్టి ఉండాది, తేమ ఉండాది అని తీస్తారు. ఇప్పుడు మిల్లు మాదంటిరి. ఈడ గూడా తరుగేనా?"

గోదామంతా నవ్వింది. తరుగుదల అనే మాట నాకు పుస్తకంలోది. వాళ్లకు కాటా దగ్గర దళారి చేతిలో ఏటా పోగొట్టుకునే కాయలది. కన్నడంలో 'సవకళి', అంటే అరిగిపోవడం, అని చెప్పి చూశాను. అది ఇంకా అధ్వాన్నమైంది. ఎవరో అరిగిన చెప్పుల సంగతి ఎత్తారు.

సావుకారు లేచాడు. "నువ్వు ఎద్దును కొంటివి. కొన్నేండ్లు దున్నె. ఇంగ చేతకాలేదు. కొత్త ఎద్దును ఎట్ల తెస్తావు?"

"పాతదాన్ని సంతలో అమ్మి, పైన కొంచెం ఏసి."

"ఆ పైన ఏసేది ఒకే దినం యాడనుంచి వస్తాది? ఏటేటా కొంచెం పక్కన పెట్టింటే వస్తాది. దానికే ఈయప్ప ఇంగ్లీషులో ఒక పేరు పెట్టినాడు."

నాలుగేళ్లు నేను చదివిన చదువు అంత సులువుగా ఆయన చెప్పేశాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇక్కడ మీకొక మాట చెప్పాలి. తరుగుదల రాసినంత మాత్రాన ఆ డబ్బు ఎక్కడా పెట్టెలో కూర్చోదు. లెక్కలో తీస్తారు, చేతిలో ఖర్చుపెట్టేస్తారు. చాలా కంపెనీలు చేసేది అదే. మా సావుకారు అలా చేయలేదు. ఏటా ఎంత తీశామో అంతా బ్యాంకులో డిపాజిట్టు వేయించేవాడు, కొత్త ఇంజనుకని.

మిల్లును నడిపేది ఒక పాత ఆయిల్ ఇంజను. మూతపడ్డ ఏదో మిల్లు నుంచి కొన్నది. గోడ పక్కన మనిషెత్తు ఇనుప చక్రంతో, అదే ఫ్లైవీలుతో, ఒకటే శబ్దంతో, దాని బెల్టే, కాయల్ని నొక్కి నూనె పిండే ఎక్స్‌పెల్లర్లన్నిటినీ తిప్పేది. దాన్ని చూసుకునే ఫిట్టరు కోలారు గనుల్లో పని నేర్చుకొని వచ్చాడు. మేస్త్రీ అని పిలిచేవాళ్లం. నాకంటే వయసులో పెద్దవాడు, మాట తక్కువ, కోపం ఎక్కువ. పొద్దున్నే ఇంజనుకు దణ్ణం పెట్టేవాడు కాదు గానీ, చల్లటి ఫ్లైవీలు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు. ఇంకెవరైనా ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు.

తరుగుదల వేయాలంటే యంత్రం ఇంకా ఎన్నేళ్లు పనిచేస్తుందో అంచనా కావాలి. చేరిన కొత్తలో వెళ్లి అడిగాను.

"మనిషిని చూసి ఎన్నేండ్లు బతుకుతావని అడుగుతారా సార్?" అన్నాడు.

"లెక్కకు కావాలి మేస్త్రీ."

"మీ లెక్కకు కావాలంటే నేను దీన్ని సంపాలనా?"

వారం రోజులు మొహం చాటేసి, చివరికి తనే ఆఫీసు గుమ్మం దగ్గరికి వచ్చి ఒక అంకె చెప్పి వెళ్లిపోయాడు. ఆ అంకె ప్రకారమే నేను ఏటా తగ్గిస్తూ వచ్చాను. ఏటా లెక్కలు ముగిసే నెలలో వచ్చి అడిగేవాడు: "నా ఇంజను ఎంతకొచ్చింది సార్?" చెప్పేవాణ్ణి. నవ్వేవాడు. "మీ పుస్తకంలో సస్తాండాది. ఈడ జూడండి, ఎట్ల కూస్తాండాదో." అతను చెప్పిన గడువు పూర్తయ్యేసరికి పుస్తకంలో దాని విలువ పాత ఇనుము ధరకు వచ్చింది. ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంది.

అప్పుడే వానలు తప్పాయి. వరసగా రెండు పంటలు పోయాయి. బాగేపల్లి వైపు చేలల్లో వేరుశనగ మొక్క జానెడు లేచి ఎండిపోయింది. మిల్లుకు వచ్చే బండ్లు తగ్గాయి. సంతలో ఎద్దులు కసాయి ధరకు పోతుంటే, వాటిని తోలుకొచ్చిన మనుషులు డబ్బు లెక్కపెట్టుకోకుండానే జేబులో వేసుకొని వెళ్లిపోవడం నేను చూశాను.

అదే సమయంలో మా రోడ్డు దాకా మిల్లుకు సరిపోయే కరెంటు లైను వస్తుందని తెలిసింది. సావుకారు నన్ను పిలిచాడు. "పని తక్కువ ఉన్నప్పుడే మార్చేద్దాం. కరెంటు మోటార్లు తెద్దాం. డిపాజిట్టు ఉండాది కదా," అన్నాడు. ఆ ఏడు తరుగుదల తీసేస్తే మిగిలేది నష్టమే. లాభం పంచడానికి లేదు. ఆ మాటే నివేదికలో రాసి సభకు నోటీసులు పంపాం.

ఆ రోజు గోదాము నిండిపోయింది. ఎప్పుడూ రాని ఊళ్ల నుంచి కూడా వచ్చారు. ఉప్పిట్టు ముందే పెట్టించాడు సావుకారు. చాలామంది పొద్దున ఏమీ తినకుండా బయలుదేరారని ఆయనకు తెలుసు. నేను లెక్కలు చదివాను. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అరవలేదు. దానికే నాకు భయం వేసింది.

మొదట లేచింది కెంచార్లహళ్ళి రెడ్డి. ఆయన మా డైరెక్టర్లలో ఒకడు, సావుకారుకు చిన్నప్పటి స్నేహితుడు. ఊళ్లు తిరిగి షేర్లు అమ్మినప్పుడు ఎక్కిన బండి ఆయనదే.

"సావుకారూ, నిన్ను తప్పు పట్టేదానికి నేను లేయలేదు," అన్నాడు. "బ్యాంకులో ఉండే దుడ్డు ఎవరిది?"

"కంపెనీది."

"కంపెనీ ఎవరిది?"

సావుకారు గోదాము నిండా కూర్చున్నవాళ్ల వైపు చూశాడు.

"ఈ యేడు తరుగుదల తీయొద్దు. డిపాజిట్టు విడిపిచ్చి షేరు పట్టి పంచండి. వానలు పడినాక మళ్లీ పెట్టుకుందాం. నేనేమీ మిల్లు అమ్మమనలేదే."

అప్పుడు చాకవేలు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నిలబడింది. ఆమె భర్త మొదటి ఏడాదే మూటలు ఇచ్చి షేర్లు తీసుకున్నాడు. ఆయన పోయాక సేద్యమంతా ఆమే చేయిస్తుండేది. సభకు వచ్చిన ఆడమనిషి ఆమె ఒక్కతే. నా వైపు చూసి అడిగింది.

"ఏమప్పా, నువ్వు ఇంజనుకు తరుగుదల రాసినావు. షెడ్డుకు రాసినావు. భూమికి ఎంత రాసినావు?"

"భూమికి తరుగుదల ఉండదమ్మా. భూమి అరిగిపోదు కదా. అది కొన్న ధరకే ఉంటుంది."

"అరిగిపోదా?" అంది. "మా చేను వచ్చి చూడప్పా. రెండేండ్లుగా గాలికి మన్నంతా లేచిపోతాండాది. ఉండేది రెండు జతల ఎద్దులు. ఒక జత అమ్మేస్తి. ఉండే జతకు ఎండుగడ్డి కొనేదానికి దుడ్డు లేదు. వానొస్తే దున్నేదానికి ఎద్దు ఉండల్ల గదా? దున్నకపోతే శెనక్కాయ యాడనుంచి వస్తాది? కాయ లేకపోతే నీ కొత్త మోటారు ఏం తింటాది?"

మా సావుకారు మొదటి సభలో ఎద్దు సామ్యంతో గెలిచాడు. ఈమె సామ్యం చెప్పడం లేదు. నిజంగా ఎద్దుల గురించే మాట్లాడుతోంది. అప్పటిదాకా వాళ్లకు తరుగుదల అర్థం కాదని నేను లోలోపల అనుకుంటూ ఉండేవాణ్ణి. అర్థమైంది. అర్థమయ్యే అడుగుతున్నారు.

ఆ రోజుల్లో తరుగుదల తీశాకే లాభం పంచాలన్న కట్టుబాటు చట్టంలో ఇంకా గట్టిగా రాలేదు. అయినా ఏదో ఆధారం ఉండాలి కదా అని నేను అభ్యంతరం చెప్పాను. వెనకటి ఏళ్లలో తీసినదాన్ని ఊరికే తిరిగి లాభంలో కలపడానికి లేదు, అప్పటి అంచనా తప్పని తేలితేనే కుదురుతుంది అన్నాను.

రెడ్డి ఆ మాటను పట్టుకున్నాడు. "అయితే చెప్పు. నీ పుస్తకం ప్రకారం ఇంజను విలువెంత?"

"ఇనుము ధర."

"అది ఈ పొద్దు పొద్దున నడిచిందా లేదా?"

"నడిచింది."

"సచ్చిపోయిందని రాసినావు, నడుస్తాండాది. అంటే నీ అంచనా తప్పే గదా?"

సరైన జవాబు నాకు తెలుసు. చెప్పాను కూడా. తరుగుదల యంత్రం ఆరోగ్యాన్ని చూపించే నాడి కాదు, దాని కొన్న ధరను వాడుకున్న ఏళ్ల మీద పంచి రాసే పద్ధతి. విలువ లేదని రాసినంత మాత్రాన రేపు ఆగిపోతుందని కాదు, విలువ ఉందని రాస్తే ఆగదనీ కాదు. ఈ రోజుకూ అందులో ఒక్క మాట మార్చను. కానీ ఆకలితో కూర్చున్న గోదాములో ఆ మాటలు నా నోటి నుంచి వచ్చి నా కాళ్ల దగ్గరే పడిపోయాయి.

"అంచనా ఎవరిది?" అన్నాడు రెడ్డి.

"మేస్త్రీని అడిగి నేను వేసింది."

"అయితే ఆయప్పనే పిలవండి."

ఫిట్టరు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. అంతమంది అతని వైపు తిరిగారు. సావుకారు కూడా చూశాడు. పనివాళ్ల మాటకు అడ్డం వెళ్లే అలవాటు ఆయనకు లేదు.

"ఇంజను ఇంకా ఆడతాదా?" అని అడిగాడు రెడ్డి.

ఫిట్టరు తల వంచుకొని చేతుల్ని ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు. ఇక తుడవడానికి వాటి మీద నూనె లేదు. తర్వాత తలెత్తి చాకవేలు ఆవిడను చూశాడో, సావుకారును చూశాడో నేను చెప్పలేను.

"ఆడతాది," అన్నాడు. "నేనుండేంతవరకూ ఆడతాది."

దాంతో అయిపోయింది. డిపాజిట్టు పంచాలనేవాళ్లను చేతులెత్తమన్నారు. ఎత్తనివాళ్లను లెక్కపెట్టడం సులువైంది. లెక్కలు సరిచూడడానికి వచ్చిన ఆడిటరు తన నివేదికలో అభ్యంతరంగా ఒక వాక్యం చేర్చి, సంతకం పెట్టి, సాయంత్రం బస్సుకు బెంగళూరు వెళ్లిపోయాడు.

సభ ముగిశాక సావుకారు, నేను ఊళ్లోకి నడిచి వెళ్లాం. ఎండ ఇంకా తగ్గలేదు. ఆయన కోపంగా ఉంటాడనుకున్నాను. లేడు.

"వాళ్లు తప్పు చేయలేదప్పా," అన్నాడు. "నాకూ ఎద్దులుంటే చెయ్యెత్తేవాణ్ణి."

కొంత దూరం పోయాక మళ్లీ అన్నాడు: "మేస్త్రీని బెంగళూరికి పంపిద్దామనుకున్న్యా. మోటారు పని నేర్చుకోనీ అని. ఆడ తెలిసినోళ్లతో మాట్లాడి పెడ్తిని. జీతం గూడా కొంచెం పెంచుదామని ఉండె. మీటింగు అయినాక చెప్దాంలే అనుకుంటి. ముందే చెప్పి, పని కాకపోతే పాపం ఆశపడతాడు కదా. ఇప్పుడు చెప్పేదానికేముంది?"

నేను ఊ కొట్టాను. ఆ మాట అప్పుడు నాకు పెద్దదిగా తోచలేదు.

డబ్బు పంచాం. దాని వల్ల మేలు జరగలేదని నేను అనను. చాకవేలు ఆవిడ ఆఫీసుకు వచ్చి, తన వాటా తీసుకొని కొంగున ముడేసుకొని వెళ్లింది. మరుసటి ముంగారు వానలకు ఆమె ఎద్దులు దున్నాయని ఆ ఊరి బండి మనిషి చెప్పాడు. ఆ ఏడు వానలు నిజంగానే కురిశాయి. అంత పంట ఎప్పుడూ చూడలేదన్నారు. కాయల బండ్లు చేలూరు రోడ్డు మీద వరసగట్టి నిలబడ్డాయి. మిల్లు ఆవరణలో చోటు చాలక రోడ్డు పక్కన మూటలు దించుకున్నాం. రెడ్డి వచ్చి నా భుజం తట్టాడు. "చూసినావా అప్పా, ఒక్క యేడులో డిపాజిట్టు మళ్లీ పెట్టొచ్చు," అన్నాడు. నేనూ సంతోషపడ్డాను. నా అంచనాయే తప్పేమో అని కూడా అనిపించింది.

ఇంజను ఒక పొద్దున పగిలింది. నేను ఆఫీసు గదిలో ఉన్నాను. మొదట శబ్దం మారింది. ఏళ్ల తరబడి వింటున్న కూత హెచ్చింది. ఆ వెంటనే బండలు పేల్చినట్టు ఒక మోత. పైకప్పు పెంకులు కదిలి నా బల్ల మీద దుమ్ము రాలింది. పరుగెత్తి వెళ్లేసరికి గోడలో మనిషి పట్టేంత రంధ్రం. ఫ్లైవీలు లేదు. దాని ముక్క ఒకటి బయట మూటల్లో దిగబడి ఉంది. ఇంకొకటి ఫిట్టరు కాలి మీదుగా వెళ్లింది.

కాయలు తెచ్చిన లారీలోనే అతణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లాం. సావుకారు అతని తల ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. దారి పొడుగునా అతను ఒకటే అడిగాడు, ఇంకెవరికైనా తగిలిందా అని. ఎవరికీ తగల్లేదు. కాలు మాత్రం మోకాలి కింద తీసేయవలసి వచ్చింది.

ప్రభుత్వం తరఫున ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి ముక్కల్ని పరిశీలించాడు. ఇరుసు దగ్గర విరిగిన చోటు నాకు చూపించాడు. సగం మేర ఇనుము తళతళ మెరుస్తోంది, ఇప్పుడే విరిగినట్టు. మిగతా సగం నల్లగా, పాత నూనె పట్టి ఉంది. "ఇది ఇవత్తిన బిరుకు అల్ల," అన్నాడు కన్నడంలో. ఈనాటి పగులు కాదు. నేను విన్నాను. ఎవరితోనూ ఆ మాట పొడిగించలేదు.

ఆ తర్వాత నేను చేసిన పని ఒకటి చెప్పాలి. పనివాళ్ల నష్టపరిహారపు చట్టంలో ఒక పట్టీ ఉంటుంది. వేలు పోతే సంపాదించే శక్తిలో ఇంత శాతం నష్టం, చెయ్యి పోతే ఇంత, కాలు ఎక్కడ తీసేశారన్నదాన్ని బట్టి ఇంత. జీతం, వయసు, శాతం, గుణింతం. ఇంజనుకు తరుగుదల వేసిన బల్ల మీదే, అదే పెన్నుతో, మేస్త్రీ కాలికి వేశాను. ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను. సావుకారు చూసి, "ఇంతేనా?" అన్నాడు. "చట్ట ప్రకారం ఇంతే సార్," అన్నాను. ఆయన తన సొంతంలోంచి కొంత కలిపి ఇచ్చాడు.

పంట నిండా ఉన్నప్పుడు మిల్లు ఆగిపోయింది. మోటార్లు కొనడానికి చేతిలో డబ్బు లేదు. బ్యాంకు ఏజెంటు వచ్చి ఆస్తుల పట్టీ చూశాడు. పాత షెడ్డు, అరిగిన ఎక్స్‌పెల్లర్లు. స్థలం కొన్ననాటి చవక ధరకే ఉంది. అప్పు ఇవ్వడానికి ఇందులో ఏముంది అన్నాడు. బండ్లు వేరే మిల్లుల దారి పట్టాయి. ఒకసారి దారి మారిన బండి తిరిగి రావడం కష్టం. చివరికి కంపెనీని మూసేయాలని సభలో తీర్మానించారు.

అప్పుడు జరిగింది వినండి. మేము కొన్న ధరకే పుస్తకంలో రాసుకుంటూ వచ్చిన స్థలం ఉంది చూశారూ, ఊరు పెరిగి రోడ్డు దానికి ఆనుకొని వచ్చేసింది. దాన్ని అమ్మితే అప్పులన్నీ తీరాయి, పనివాళ్ల బాకీలు తీరాయి, షేర్‌హోల్డర్లకు పెట్టినదానికంటే ఎక్కువే తిరిగి వచ్చింది. "పోనీలే, మిల్లు పోయినా ఎవురికీ నష్టం రాలేదు," అన్నాడు కెంచార్లహళ్ళి రెడ్డి. నేను వేసిన చివరి లెక్క ప్రకారం అది అక్షరాలా నిజం. ఎక్కడా ఒక్క పైసా తేడా రాలేదు. కాయలు పండించినవాళ్లు నూనె లాభం తినే చోటు మాత్రం ఆ చుట్టుపక్కల మళ్లీ నేను చూడలేదు. వాళ్లు తిరిగి మండీకి పోయారు, మూటకింత తరుగు ఇచ్చుకున్నారు. సావుకారు చివరి కాగితం మీద సంతకం చేసి, పెన్ను మూత పెట్టి, గోదామును తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన ఏ వ్యాపారమూ పెట్టలేదు.

నేను చిక్కబళ్లాపురంలో ఇంకో కంపెనీలో చేరాను. కొన్నేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం సైకిలు చక్రానికి ముల్లు గుచ్చుకుంటే నంది రోడ్డులో ఒక రిపేరు అంగడి దగ్గర ఆగాను. పీట మీద కూర్చున్న మనిషి తలెత్తాడు. మేస్త్రీ. జుట్టు నెరిసింది. చెక్క కాలు గోడకు ఆనించి పెట్టి ఉంది. టీ తెప్పించాడు. సావుకారు ఎలా ఉన్నాడని అడిగాడు.

"పోయి ఏడాదవుతోంది మేస్త్రీ. నీకు తెలియదా?"

తెలియదు. చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టాడు. నా సైకిలు ట్యూబు బయటికి లాగుతూ, నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"పగులు నాకు తెలుసు సార్. ఆ మీటింగుకు ముందే తెలుసు. వేలు పెడితే తగుల్తాండె."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"కరెంటు మోటారుకు ఫిట్టరు యెందుకు సార్? బటను నొక్కితే తిరుగుతాది. అది వచ్చిన దినమే నన్ను పొమ్మంటారని భయపడితి. నాకు వచ్చిన పని అదొకటే. ఇంగో రెండేండ్లు లాగిస్తే చాలు, అంతలో కూతురి పెండ్లి చేసేస్తాననుకుంటి. పగులు మీద నా కన్ను ఉండాది, పెద్దదైతే నేనే ఆపేస్తాననుకుంటి. అంత కాయ వచ్చిపడితే యాడ ఆపేది?"

ట్యూబు వదిలి, ఈసారి నా మొహంలోకి చూశాడు.

"మీరు ఆయన పక్కనే ఉంటిరి గదా. మోటార్లు వస్తే నన్నేం చేద్దామని ఉండె ఆయనకు? మీతో ఏమన్నా అన్న్యాడా?"

సభ ముగిసిన నాటి ఎండ, ఆ నడక, ఆయన అన్న ప్రతి మాటా నా నోటి దాకా వచ్చాయి. చెక్క కాలు గోడకు ఆని ఉంది.

"లేదు మేస్త్రీ," అన్నాను. "నాతో ఏమీ అనలేదు."

"అనుకుంటి," అన్నాడు. బరువు దించుకున్నట్టు అతని భుజాలు కొంచెం కిందికి దిగాయి. "పొమ్మనేవాడే. ఎంత మంచోడైనా సావుకారు సావుకారే గదా సార్."

నేను కాదనలేదు. అతను ట్యూబులో గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ వస్తాయా అని వంగి చూడసాగాడు.